మిషన్ ఆగిన అరగంటలో పసుపుగొంతు పికిలిపిట్ట

అచ్చంపేట దగ్గర ఒక గుట్టను క్వారీకి ఇవ్వబోతున్నారని విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. వనపర్తిలో జంతుశాస్త్రం చెప్పే నాకు ఆ గుట్టమీద పసుపుగొంతు పికిలిపిట్ట ఉందని గట్టి నమ్మకం. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా బతకని పిట్ట అది. బండలు పగిలితే దానికి వేరే చోటు లేదు. "సోమవారం ఆఫీసరు విచారణకు వస్తుండు. ఉత్త మాట నమ్మడు మేడం, ఫొటో గావాలె" అన్నాడు గుట్ట కింది ఊరి సర్పంచి. అప్పటికే రెండుసార్లు వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను.

శనివారం సాయంత్రం బస్సెక్కి, నాగర్‌కర్నూలు మీదుగా మూడు గంటల్లో అచ్చంపేట చేరి, రాత్రి చుట్టాలింట్లో పడుకున్నాను. ఆదివారం అరవై రూపాయలకు ఆటో మాట్లాడుకుని ఆరింటికల్లా గుట్ట కింద దిగాను. మేకలు తోలుకొస్తున్న ఆ ఊరి బాలమ్మ, ముందు వచ్చినప్పుడు చూసిందేమో, నన్ను గుర్తుపట్టింది.

"మల్ల వచ్చినవా మేడం? గుట్ట కొనకెక్కితె ఏడ దొరుకుతది? గది సిగ్గుపిట్ట. నీడకున్న జువ్విచెట్టు కాడ పండ్లు తిననీకె వస్తది, రా."

ఆమె వెనకే పడమటి వైపుకు వెళ్లి బండల సందులో కూర్చున్నాను. గంట గడిచింది. ఏడున్నరకు కింద డ్రిల్లింగ్ మిషన్ మొదలైంది. అనుమతి రాకముందే రాయి ఎలాంటిదో చూడటానికి రంధ్రాలు వేస్తున్నారు. ఆ మోతకు గువ్వలు కూడా లేచిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నాను. నా కళ్లలో నీళ్లు తిరగడం చూసి బాలమ్మ చరచరా కిందికి దిగింది. నేనూ నాలుగు అడుగులు వెంట దిగాను.

"ఓ కొడుకా, జర అరగంట ఆపు. మేడం శానా దూరంకెల్లి వచ్చింది."

మిషన్ నడిపేది అమరచింత నుంచి కూలికొచ్చిన మనిషి. "మేస్త్రి తిడ్తడు గదవ్వా!" అన్నాడు.

"ఛాయ్ తాగుతున్నమని జెప్పు."

అతను నవ్వి మిషన్ ఆపేశాడు.

మేం మళ్లీ పైకెళ్లి కూర్చున్న కాసేపటికి గలగలమని కూత వినిపించింది. బండ అంచున వాలింది పిట్ట! అప్పుడే నూరిన పసుపు పూసినట్టు తల, గొంతు. దాని వెనకే జువ్విపండు ముక్కున కరుచుకుని జంటపిట్ట. పదకొండు ఫొటోలు తీశాను. "సూసినవా? నేన్ జెప్పలే!" అని బాలమ్మ నా భుజం చరిచింది.

సోమవారం ఆ ఫొటోలు చూసిన ఆఫీసరు స్వయంగా గుట్టెక్కాడు. బాలమ్మ ఆయన ముందు నిలబడి, "గుట్ట పోతె పిట్టొక్కటే పోతదా సారూ? మా మేకలకు మేత పోతది, మా బాయిలకు ఊట పోతది" అంది. నెల తర్వాత అనుమతి నిరాకరించినట్టు కాగితం వచ్చింది. ఆ సాయంత్రం ఊళ్లో డప్పులు మోగాయి. బాలమ్మ నన్నూ లాగి ఆడించింది.

ఇన్నేళ్లు పిట్టల గురించి పాఠాలు చెప్పాను. కానీ ఆ పిట్ట ఎప్పుడు, ఎక్కడ వాలుతుందో ఆ గుట్టమీద బతికే మనిషికే తెలిసింది. మా పాలమూరులో తవ్వకానికి ఎదురుచూస్తున్న గుట్టలు ఇంకా ఉన్నాయి. అయినా ఒకటి నిలిచింది, మేం నిలబెట్టుకున్నాం.

ఈ పిట్టను చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పిట్ట కూతను రికార్డులో వినిపించి పిలవకండి, బెదిరి గూడు వదిలేస్తుంది. తెల్లవారకముందే వెళ్లి, మేకలు కాసేవాళ్లను అడగండి.