ఐబు లేని పిల్ల

లోపం లేనిదాన్ని మీ దిక్కు ఏమంటారు అమ్మమ్మా అని మొన్న ఫోన్లో అడిగావు కదా. చాలా మాటలున్నాయి బిడ్డా. బంగారమైతే మేలిమి అంటాం, మనిషైతే వంక పెట్టరాదు అంటాం. బట్టకు మాత్రం మా ఇంట్లో ఒక్కటే మాట, ఐబు లేదు. నువ్వడిగినప్పుడు అది నోట రాక, పొయ్యి మీద కూర ఉందని ఫోను పెట్టేశాను. కూర లేదు, ఏమీ లేదు.

నిజాం సర్కారు పోయిన కొత్తలో నన్ను సుల్తానాబాద్ దగ్గర ఒక నేతవాళ్ల ఇంటికి ఇచ్చారు. ఒక మగ్గం మీ తాతది, ఇంకొకటి మా మామది. నేనూ మా అత్తా నూలు కండెలు చుట్టేవాళ్లం. పొద్దు పొడిచింది మొదలు ఒకటే చప్పుడు. ఉప్పు కావాలన్నా వేళ్లతో చూపించడమే, మనిషి కావాలన్నా చెయ్యి ఊపడమే. బట్ట మగ్గం దిగాక మీ తాత దాన్ని వాకిట్లోకి తెచ్చి, వెలుతురుకు పట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసేవాడు. ఎక్కడా పోగు తప్పలేదని తేలితేనే "ఐబు లేదు" అనేవాడు.

మా మొదటి బిడ్డ, అంటే మీ అమ్మకు అక్క, పుట్టినప్పుడు మా అత్త ఆమెను కూడా అట్లాగే వెలుతురుకు పట్టింది. వేళ్లు విప్పి చూసింది, వీపు నిమిరింది, పాదాలు వంచి చూసింది.

"ఏ ఐబు లేదు పో! కడిగిన ముత్తెం!" అంది. అంతలోనే నాలుక కరుచుకుని అరికాలికి కాటుక పెట్టింది.

ఉయ్యాల మగ్గాల పక్కనే. పిల్ల ఒక్కనాడూ ఉలిక్కిపడలేదు. పక్కింటామె వచ్చి, "గింత సప్పుడుల గెట్ల పంటదే నీ మనుమరాలు?" అని ఆశ్చర్యపోయేది.

"నేతోళ్ల పిల్లనాయె, మగ్గమే జోలపాట! నీ మనుమడు పిల్లి తుమ్మితే లేస్తడు, మాది గట్ల గాదు" అని మా అత్త మురిసిపోయేది.

నడక వచ్చాక, పిల్ల చెయ్యి ఊపితే పరుగెత్తుకొచ్చేది. మాటలు మాత్రం రాలేదు. "వీళ్ల బాపుకు సుత లేటుగనే వచ్చినయి, ఫికర్ జెయ్యకు" అనేది అత్త. నేను చెయ్యలేదు.

అమావాస్యనాడు మేము మగ్గం ముట్టం. అట్లాంటి ఒక అమావాస్య పొద్దున ఇల్లంతా నిశ్శబ్దం. పిల్ల మాకు వీపు పెట్టి ఖాళీ కండెలతో ఆడుకుంటోంది. గడప మీదున్న ఇత్తడి బిందె జారి బండల మీద పడింది. పిల్లి దూకి పారిపోయింది, అత్త కెవ్వుమంది. పిల్ల తల తిప్పలేదు.

"పరాకున్నది" అంది అత్త మెల్లగా.

మీ తాత లేచి వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. వంగి, చెవి దగ్గర గట్టిగా పిలిచాడు. ఆయన ఊపిరి మెడకు తగిలి, చక్కిలిగిలై, పిల్ల నవ్వింది.

"ఇనవడ్తలేదే అవ్వా... బిడ్డకు ఇనవడ్తలేదు."

కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాం. పుట్టుకతోనే అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఐబు లేదనే మాట ఆగిపోయింది. బట్ట కొనడానికి వచ్చే సాయిబు ఒకసారి నవ్వుతూ అడిగాడు. "ఏంది భాయ్, ఏమంటలేవు? ఐబున్నదా ఏంది?"

"నువ్వే జూస్కో సాబ్. నా కండ్లకు తెలుస్తలేదు" అన్నాడు మీ తాత.

పిల్లకు మగ్గం గుంజంటే ప్రాణం. మీ తాత నేస్తుంటే వచ్చి గుంజకు అరచెయ్యి ఆనించి నిలబడేది. పోగులు బిగించడానికి పలక కొట్టిన ప్రతిసారీ గుంజ అదురుతుంది కదా, అప్పుడల్లా నవ్వేది. ఆయన ఆగితే మోకాలి మీద తట్టేది, ఇంకా నెయ్యమని. ఆ చెయ్యి గుంజ మీదున్నప్పుడు మాత్రం మీ తాత ముఖం తేటగా ఉండేది.

ఒక ఎండాకాలం పిల్లకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టాం, మగ్గాలు ఆపేశాం. ఆ మధ్యాహ్నం జ్వరంతోనే వేపాకు మీద నుంచి లేచింది. గోడ పట్టుకుని నడిచి గుంజ దగ్గరికి పోయి, చెయ్యి ఆనించింది. అట్లాగే నిలబడింది. తర్వాత రెండో చెయ్యి కూడా ఆనించింది.

మీ తాత చూడలేక, నేద్దామని మగ్గం గుంతలోకి దిగాడు.

"వద్దు కొడుకా!" అత్త చేతులు అడ్డం పెట్టింది. "తల్లి ఇంట్ల ఉండంగ మగ్గం ఆడిస్తరా? కోపమొస్తే మన బిడ్డ దక్కదురా!"

ఆయన నన్ను చూశాడు, నేను అత్తను చూశాను. అందరికీ పిల్ల దక్కాలనే. ఆయన పలక వదిలేసి పైకి వచ్చాడు. పిల్ల గుంజను చూసింది, తన అరచేతులు తిప్పి చూసుకుంది, నా ముఖంలోకి చూసింది. చేతుల సైగల్లో అన్నీ చెప్పేదాన్ని. మగ్గం ఎందుకు ఆపామో చెప్పడానికి సైగ తోచలేదు.

ఆ పొద్దు గూకకముందే పోయింది.

ఇన్నేళ్లయినా నాకు తెలియంది అదొక్కటే బిడ్డా. ఆ గుంజ కదలకపోతే మగ్గం ఆగిందని అనుకుందా, తన చేతులకు కూడా ఇక వినపడదని అనుకుందా?