రాజోలు ప్రింటరు కోసం మూడో ప్రయాణం

రాజోలులో ఒక కాలేజీ ఆఫీసు ప్రింటరు నన్ను పదిరోజుల్లో మూడోసారి బస్సెక్కించింది. నాలుగు కంప్యూటర్లకీ కలిపి ఒకే ప్రింటరు. నేను బాగుచేసి వచ్చిన రోజు సాయంత్రం దాకా బుద్ధిగా పని చేస్తుంది, మర్నాడు పొద్దున్నే మొండికేస్తుంది. అందుకే ఈసారి సంచిలో ఒక జత బట్టలు కూడా సర్దుకున్నాను. దాని పొద్దుటి వేషం కళ్లారా చూడనిదే తిరిగి రాకూడదని పట్టుదల.

రాజమండ్రి కాంప్లెక్సులో ఏడున్నరకి బస్సు. పొద్దుటి బస్సు ఎక్కేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. రావులపాలెంలో ఆగిన కాసేపట్లో టీ తాగాను. కొత్తపేటలో ఎక్కిన కొబ్బరికాయల వ్యాపారి నా పక్కన కూర్చుని, ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"మొన్న శుక్రవారం ఇదే బస్సులో తమరే కదండీ? ప్రింటరన్నారు. ఇంకా బాగవ్వలేదాండి?"

"ఈసారి అయిపోతుందండి."

"ఆయ్. శుక్రవారం కూడా అలాగే అన్నారండి."

గోదావరి పాయ మీద గన్నవరం వంతెన దాటి పదిన్నరకి రాజోలులో దిగాను. ఆఫీసు సూపరింటెండెంటు మార్తమ్మగారు మంచినీళ్లిచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"కిందటిసారి మీరు వెళ్తూ వెళ్తూ ఎవరో ప్రింటరులో చెయ్యి పెడుతున్నారన్నారు కదండీ. పొద్దున్నే ఆఫీసు తెరిచేది మా అటెండరు నూకరాజుగారే. ప్రిన్సిపాల్‌గారు ఆయన్నే అనుమానించేరు. రేపు కూడా ప్రింటరు ఆగితే మానిపించేస్తానన్నారండి."

నా ముఖం చిన్నబోయింది. కారణం దొరకనప్పుడు కంప్యూటర్లు బాగుచేసే మా వృత్తిలో అందరం అనే మాటే అది. నేనూ అనేసి బస్సెక్కేశాను, ఇక్కడ ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాను.

ఎప్పట్లాగే అన్నీ ఆపి, ముందు ప్రింటరు వేసి, తర్వాత కంప్యూటర్లు వేశాను. నాలుగు కంప్యూటర్ల నుంచీ కాగితాలు వచ్చాయి. యాభై ఏళ్ల నూకరాజుగారు చేతులు కట్టుకుని దూరంగా నిలబడి చూశారు. టీ కూడా ఆయనే తెచ్చిచ్చారు. అయిదింటికి ప్రింటరు మీద గుడ్డ కప్పి, పిడుగుల భయానికి మెయిన్ స్విచ్చి కట్టేశారు.

బస్టాండు దగ్గర లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, దోమలు ఉచితం. మెస్సులో చేపల పులుసు బాగుంది. తిన్నాను గానీ మనసు రుచి మీద లేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు గుమ్మంలో ఉన్నాను.

"నేనేమీ ముట్టుకోనండి. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి," అన్నాను.

నూకరాజుగారు మెయిన్ వేశారు. ముందు ప్రిన్సిపాల్‌గారి కంప్యూటరు, తర్వాత మార్తమ్మగారిది, ఆ తర్వాత గుమస్తాలవి రెండూ, చిట్టచివర ప్రింటరు.

"ఈ వరసేమిటండి?"

"పెద్దోరిది ముందండి. ప్రిన్సిపాల్‌గారిది వెలక్కుండా గుమస్తాలది వెలిగితే బాగోదు కదండీ. ప్రింటరు అందరిదీ కాబట్టి ఆఖర్నండి."

అప్పుడు వెలిగింది నాకు. కంప్యూటర్లనీ ప్రింటరునీ కలిపే అక్కడి రౌటరు పాతది. కరెంటు పోతే అన్నీ మరిచిపోయి, పెళ్లి బంతిలో వడ్డించినట్టు, ముందు వచ్చిన వాళ్లకి ముందు నంబరు ఇస్తుంది. నేను ముందు ప్రింటరు వేస్తాను కాబట్టి మొదటి నంబరు దానిది. పొద్దున్నే అది ప్రిన్సిపాల్‌గారి కంప్యూటరుకి పోతోంది, కాగితాలేమో ఆ నంబరుకే వెళ్తున్నాయి. ప్రింటరుకి శాశ్వతంగా ఒక నంబరు కట్టబెట్టి ఉంటే ఈ గొడవే లేదు. మొదటిరోజే చేయాల్సిన పని, బద్ధకించాను.

ప్రింటరుకి వేరే నంబరు ఖాయం చేసి, బయటి మూడు కంప్యూటర్లకీ ఆ నంబరు చెప్పాను. ఈలోగా ప్రిన్సిపాల్‌గారు వచ్చి, ప్రింటరు మళ్లీ ఆగిందని విని, తలుపేసుకుని ఏదో టైపు చేసి, కాగితం రాకపోయేసరికి విసుక్కుని క్లాసుకి వెళ్లిపోయారు. ఆయన గదిలోకి వెళ్లి నాలుగోది కూడా సరిచేశాను. అంతే, ఆగి ఉన్న కాగితం బయట ప్రింటరులోంచి బుర్రుమని వచ్చింది.

"వచ్చిందండి," అంటూ నూకరాజుగారు దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చారు. మధ్యలో ఆగి చదువుకున్నారు.

"నా పేరే ఉందండి," అన్నారు.

ఆయన్ని రేపటి నుంచి రావద్దనే ఉత్తర్వు అది. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రిన్సిపాల్‌గారు రాగానే ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా తప్పు ఈయన మీద వేశానండి," అని మొత్తం చెప్పాను. మెయిన్ కట్టించి, నూకరాజుగారి చేత ఆయన వరసలోనే మళ్లీ వేయించాను. నాలుగు కంప్యూటర్ల నుంచీ కాగితాలు వచ్చాయి.

ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు కూడా మీరే తెరవాలి నూకరాజుగారూ," అన్నారు. ఆ ఉత్తర్వు నా చేతిలో పెట్టారు. "ఇది మీరు పట్టుకెళ్లండి."

పన్నెండింటి బస్సు దొరికింది. గన్నవరం వంతెన మీద కాగితం చింపి ఏట్లో పారేద్దామని తీశాను, చేతులు రాలేదు. కోనసీమలో నేను తిరిగిన మూడుసార్లూ ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నా మాట వల్ల ఉద్యోగం పోబోయిన మనిషి కూడా బస్సు దాకా సంచి మోసుకొచ్చి, "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. కాగితం మడిచి స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టుకున్నాను. ఇకమీదట కారణం తెలియకపోతే తెలియదనే చెబుతాను.