మగవాళ్లు ఇంట్లో ఉంటే

ఇబ్రహీంపట్నంలో నేను ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేసిన రోజులవి. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఆదిభట్లకు కంపెనీ బస్సులు బారులు తీరుతున్నాయి. నా సంచిలో మాత్రం ఎప్పటిలాగే గర్భం రాకుండా వేసుకునే గోలీలు, నిరోధ్ ప్యాకెట్లు.

మాకో పద్ధతి ఉండేది. ఇంట్లో మగమనిషి కనబడితే మాట మార్చి, పిల్లల టీకాల గురించి అడిగి వచ్చేసేవాళ్లం. అతను లేనప్పుడు మళ్లీ వెళ్లి, భార్య చేతిలో ప్యాకెట్లు పెట్టేవాళ్లం. అదే మర్యాద అనుకునేదాన్ని.

ఒకరోజు ఇద్దరు పిల్లల తల్లి ఒకామె దవాఖానకు వచ్చింది. అబార్షన్ కోసం రావడం అది మూడోసారి. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీకు జరంత బాధ్యత లేదా? నేనిచ్చినవన్నీ ఏం జేసినవ్?" అని అందరి ముందే అరిచాను.

ఆమె తల దించుకోలేదు.

"గోలీలు నాకు పడ్తలేవక్కా, కండ్లు తిరుగుతున్నయ్. ప్యాకెట్లేమో ఆయన ముట్టడు. నైట్ డ్యూటీ ఉన్న దినాలల్ల బస్సు నడిపొచ్చి పొద్దంత ఇంట్లనే ఉంటడు. నువ్వు ఆయన్ని జూసి వాకిట్లకెళ్లే మర్లిపోతవ్. ఒక్కసారన్న ఆయనతోని మాట్లాడినవా?"

ఆమె చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా ఆయన టీవీ చూస్తున్నాడు. రెండో కాన్పు తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేనే చేయించుకున్నాను. మగవాళ్లకైతే అది చాలా చిన్న పని అని ఊళ్లో అందరికంటే బాగా తెలిసినదాన్ని. అయినా అప్పుడు నువ్వు చేయించుకుంటావా అని ఆయన్ని ఒక్కమాటైనా అడగలేదు.