తప్పుల్లేని అర్జీ

మా సారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. పిట్లం నుంచి వచ్చే మధ్యాహ్నపు బస్సు మా బడి ముందే ఆగుతుంది. ఆ రోజు అతను దిగి గుమ్మం దాకా వచ్చి, "మేడమ్, బాన్సువాడల మీ పెద్దసారు నిన్న పొద్దుగాల పోయిండంట. మీకు చెప్పుమన్నరు" అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. నేనప్పుడు రెండో తరగతికి తీసివేతలు చెబుతున్నాను. ఆపలేదు. బోర్డు మీదున్న లెక్క పూర్తి చేసి ఇంకొకటి వేశాను. ఎందుకు ఏడవలేదో, ఎందుకు వెంటనే బడికి తాళం వేసి బయల్దేరలేదో నాకే తెలియదు. రాస్తే కొంచెమైనా తేటపడుతుందేమోనని ఇప్పుడు కూర్చున్నాను.

నేను పుట్టింది నస్రుల్లాబాద్ దగ్గర ఒక తండాలో. ఇంట్లో, పొలంలో, ఆటల్లో అంతా లంబాడీయే. ఊళ్ళోని బడికి పంపిన తండా పిల్లలు వారం తిరక్కుండా పారిపోయి వచ్చేవారు. ఆ బడిలో చెప్పే తెలుగు వాళ్ళకు అర్థమయ్యేది కాదు. మొద్దులని పేరు మాత్రం వచ్చేది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో చుట్టుపక్కల బడులన్నీ నెలల తరబడి మూతపడ్డాయి. అవి తెరుచుకున్న మరుసటేడు మా తండాకే ఒక గుడిసె బడి వచ్చింది. దానికి ఒక్కరే సారు.

ఆయన బాన్సువాడ నుంచి సైకిలు మీద వచ్చేవారు. కాలువ దగ్గర దిగి, కాళ్ళు కడుక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని మిగతా దూరం నడిచేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు ఉండేవి, అందుకే ఆ జేబు మిగతా చొక్కా కంటే తెల్లగా కనిపించేది. మొదటి రోజు పుస్తకాలు తెరవమన్నారు. ఒక్కరం కదల్లేదు. ఇంకోసారి అన్నారు. ఆ తర్వాత గట్టిగా అరవలేదు, బెత్తం కోసం చూడలేదు. బయటికి వెళ్ళి, కుండతో నీళ్ళు మోసుకొస్తున్న మా నాయనమ్మను ఆపారు.

"గిదాన్ని మీరేమంటరు అవ్వా?"

ఆమెకు నవ్వొచ్చింది. "పాణి" అంది.

ఆయన లోపలికి వచ్చి బోర్డు మీద "పాణి" అని రాశారు. కింద "నీళ్ళు" అని రాశారు. మర్నాడు "బాటి", దాని కింద "రొట్టె". ఆ తర్వాత "యాడి", దాని కింద "అమ్మ". మా ఇంటి మాట బోర్డు మీదికి ఎక్కడం ఎలా ఉంటుందో నేను సరిగ్గా చెప్పలేను. మాలో ఒకరి పేరు రేడియోలో విన్నట్టుండేది. ఆయన నోట ఆ మాటలు వంకరపోయేవి, మేం పడిపడి నవ్వేవాళ్ళం, ఆయన మా చేత దిద్దించుకుని మళ్ళీ పలికేవారు. ఇట్లా ఒక ఏడాది. రెండో ఏటికి కింది వరుస పెరిగి, పై వరుస తగ్గింది. మూడో తరగతికి వచ్చేసరికి తెలుగు పుస్తకం గడగడా చదివేవాళ్ళం. "సమజ్ కాకుంటే తప్పు నాది, సిగ్గు మీకెందుకు?" అనేవారు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు భయం. "పిల్లగాడు ఊకున్నడంటే పాఠం అచ్చినట్టు కాదు" అని తనలో తాను అనుకునేవారు.

ఇదంతా ఎందుకు చేస్తున్నారని ఒకసారి మా బాపు ఆయన్నే అడిగాడు. మా ఇంటి అరుగు మీద కూర్చుని సారు చెప్పిన జవాబు నేను విన్నాను. "నేను సదువుకున్నప్పుడు నిజాం జమానా. బడిల అంత ఉర్దూ. మా ఇంట్ల ఉర్దూ ముక్క రాదు. మూడేండ్లు ఒక్క మాట సమజ్ కాలేదన్నా. దెబ్బలు తిని తిని, నాకే బుద్ధి లేదనుకున్న." బాపు తల ఊపాడు. ఒప్పుకున్నాడనే నేననుకున్నాను.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, బాపు మరో నలుగురితో కలిసి ఏదో కాగితం పని మీద బాన్సువాడ వెళ్ళాడు. వెంట మూడో తరగతి చదివే మా పక్కింటి పిల్లవాణ్ణి తీసుకుపోయారు. ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం వాడి చేతికిచ్చి చదవమన్నాడట. వాడు చదివాడు, కానీ తెలియని మాట వచ్చిన చోట అలవాటు కొద్దీ లంబాడీలో అర్థం అడిగాడు. ఆఫీసంతా నవ్వింది. "గీ బడికి పోయి నేర్చింది గిదేనా?" అన్నారట.

ఆ సాయంత్రం మా వాకిట్లో పెద్దలంతా కూర్చున్నారు. బాపు గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. "మన మాట మనకు పుట్టంగనే అచ్చె. గది నేర్పనీకి సర్కారు జీతమిచ్చుడేంది? సారు మంచోడే. నేనేం గాదంటలేను. గని తెలుగు ఇంక జర ఎక్కువ చెప్పాలె. గా ముచ్చటనే పై ఆఫీసుకు రాద్దాం."

రాసేదెవరు? అందరూ నావైపు చూశారు. తండాలో చేతిరాత నాదే గుండ్రంగా ఉండేది. అర్జీ ఎలా రాయాలో అంతకు పది రోజుల ముందే సారు మాకు చెప్పారు. పైన "గారి సముఖమునకు", కింద "చిత్తగించవలెను". నేను కాగితం ముందు కూర్చున్నాను. బాపు చెప్పినదంతా యథాతథంగా పెట్టాలని చూశాను. తెలుగు చెబుతున్నారు కానీ ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి, సారు మంచివారే కానీ... ఆ "కానీ"లు ఒక వాక్యంలో ఇమడలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. చిన్న వాక్యం అందంగా ఉంటుందని సారే చెప్పారు. "మా ఉపాధ్యాయులు పిల్లలకు తెలుగు చెప్పుట లేదు" అని రాశాను.

పైకి చదివి వినిపించాను. ఆ గ్రాంథికపు తెలుగు వాళ్ళకు పూర్తిగా అంది ఉండదు. "సర్కారోళ్ళ మాట లెక్కనే ఉన్నది" అని బాపు మురిసిపోయి వేలిముద్ర వేశాడు. మిగతావాళ్ళూ వేశారు. నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను. అబద్ధం రాశానన్న సంగతి నాకు అప్పుడే తెలుసా, తర్వాత తెలిసిందా? ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కోసారి ఒక్కోలా తోస్తుంది.

నెల తిరక్కముందే ఒక అధికారి వచ్చారు. తెలుగులో ప్రశ్నలు వేశారు. కొత్త మనిషిని చూసి పిల్లలంతా బిగుసుకుపోయారు. నాకు జవాబులు తెలుసు, నేనూ నోరు తెరవలేదు. ఆయన సంచిలోంచి అర్జీ తీసి సారు చేతికిచ్చారు. సారు దాన్ని చదవడానికి పట్టాల్సిన దానికంటే ఎక్కువసేపు చూశారు. మడిచి తిరిగి ఇచ్చేశారు. నావైపు చూడలేదు.

సారుకు మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి వైపు బదిలీ అయింది. వెళ్ళే రోజు మా ఇంటికి వచ్చారు. బాన్సువాడ ఆడపిల్లల హాస్టలు దరఖాస్తు నా పేరున నింపి తెచ్చారు. బాపు తల దించుకుని నిలబడ్డాడు. "సారూ, మేం గట్ల అనుకోలేదు. మిమ్ముల తీసెయ్యమనలేదు."

"నీ ఫికర్ తప్పేం గాదన్నా. బిడ్డను మాత్రం ఆపకు" అన్నారు సారు.

ఆ దరఖాస్తు ఆయన అర్జీ చూడకముందే నింపారా, చూశాక నింపారా? ఇన్నేళ్ళలో నేను అడగలేదు. ముందే అయితే అది ప్రేమ. తర్వాత అయితే ఏమనాలి? క్షమ అనాలని మనసు చెబుతుంది. క్షమ అన్న మాట కూడా నేనే ఆయన నోట్లో పెడుతున్నానేమో.

ఆయన స్థానంలో వచ్చిన సారు మొదటి రోజు నుంచే తెలుగు తప్ప మరో మాట రానివ్వలేదు. అర్జీలో మేం అడిగినట్టే అయింది. చలికాలం వచ్చేసరికి చిన్న పిల్లల్లో సగం మంది మళ్ళీ మేకల వెంట తిరుగుతున్నారు. అయితే పెద్ద పిల్లల తెలుగు బాగుపడిందని, ఇప్పుడు ఆఫీసులో ఎవరూ నవ్వడం లేదని బాపు అనేవాడు. అదీ అబద్ధం కాదు.

హాస్టల్లో చదివి, ట్రైనింగు చేసి, నేనూ టీచరునయ్యాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో పిట్లం బస్టాండులో సారు కనిపించారు. జుట్టు తెల్లబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక్కసారిగా అనేశాను. "సారూ, ఆ అర్జీ రాసింది నేను."

"చేతిరాత చూడంగనే ఎరుకైంది" అన్నారు. బస్సు వచ్చే వైపు చూస్తూ, "ఒక్క తప్పు లేదు బిడ్డా" అన్నారు.

అప్పుడే ఆయన బస్సు వచ్చింది. ఆ మాట మెచ్చుకోలో, దెప్పిపొడుపో, ఒక పంతులు అలవాటుగా అన్నదో నాకు తేలలేదు. ముఖం చూద్దామంటే ఆయన అప్పటికే బస్సెక్కుతున్నారు.

కబురు విన్న మర్నాడు బాన్సువాడ వెళ్ళాను. సారు వాళ్ళావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మాటల మధ్య తండా ముచ్చట వచ్చింది. "మీ తండా నుంచి పోయినంక గా పిల్లల మాటల చెప్పుడు బంద్ జేసిండు బిడ్డా. అటు దిక్కు పోరగాండ్లు అంత మరాఠీ. గా మాట నేర్చుకుని చెప్పుండ్రి అని నేనే అంటే, ఇగ వద్దన్నడు. ఒక్కసారి అయింది చాలన్నడు."

ఆమెకు ఆ అర్జీ సంగతి తెలుసో లేదో. చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను.

గోడకానుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. డోంగ్లి నుంచి వచ్చాడట, సారు దగ్గరే చదివాడట. అతను మెల్లగా అన్నాడు. "లేదమ్మా, బంద్ జెయ్యలేదు. మాకు మరాఠీల చెప్పిండు. తలుపు దగ్గరికేసి చెప్తుండె. బోర్డు మీద మాత్రం రాయకపోతుండె. మా పలకల మీద రాసి, సదివించి, వెంటనే తుడిపిస్తుండె. ఎందుకు సారూ అంటే, మీరు నేర్చుకుండ్రి, గంతే చాలు అంటుండె."

ఆవిడ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ముప్పై ఏళ్ళు కలిసి బతికిన మనిషి గురించి తెలియనిది ఇంకా ఉందా అన్నట్టు.

నా వాక్యం ఆయన్ని ఆపలేదన్నమాట. అది తెలిసి గుండె తేలికవ్వాలి కదా. కానీ ఆయన మంచి పనిని తలుపు మూసుకుని దొంగతనంలా చేసుకునేట్టు చేసింది కూడా అదే. సంతోషించాలో, కుమిలిపోవాలో తెలియక అక్కడే కూర్చున్నాను. నా బడిలో కూడా సగం మంది మరాఠీ మాట్లాడే పిల్లలే. వాళ్ళకు నేను బోర్డు మీద తెలుగే రాస్తున్నాను. ఎవరు అర్జీ పెడతారో అన్న భయం నాకెప్పుడు పట్టుకుందో నాకే తెలియదు. రేపు బడికి వెళ్ళాక ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇంతలో బయట అలికిడి. మా తండా వాళ్ళు వచ్చారు. బాపు గేటు దగ్గరే ఆగిపోయాడు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ఆడవాళ్ళు మాత్రం నేరుగా వచ్చి వరండాలో చతికిలబడి, తలల మీద కొంగులు లాక్కుని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు. అచ్చమైన లంబాడీలో, మా ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఏడ్చే ఏడుపు. చుట్టాలంతా ఏం చేయాలో తోచక చూస్తున్నారు.

సారు వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమంటున్నరు బిడ్డా?"

చెప్పబోయాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఒక్క మాటకూ తెలుగు తట్టలేదు.

"పోనీ తియ్యి. ఏడ్వనియ్" అని ఆవిడ లేచి వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నారు. ఒక ముసలమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ రాగానికి తల ఊపుతున్నారు. పడమటెండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. ముసలమ్మ ఊగినప్పుడల్లా ఆమె రవికె మీది అద్దాల నుంచి చిన్న చిన్న వెలుగుచుక్కలు గోడ మీదికి ఎగిసి, అక్కడ కొక్కానికి ఇంకా వేలాడుతున్న సారు చొక్కా మీద వణుకుతున్నాయి.