పెద్దబాపు చేతిలోని గ్లాసు

మా పెద్దబాపు పోయాడు. మంగళవారం పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, మీ పెద్దబాపు లేస్తలేడు, జర రా" అంది. నేను సూరత్‌లోని మా పాత బస్తీ నవాగామ్ చేరేసరికి ఇంటిముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసేశారు. ఇక అడగాల్సింది ఏమీ లేదని ఆ కుర్చీలు చూడగానే అర్థమైంది. నిద్రలోనే వెళ్లిపోయాడట.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాదు. నా చిన్నప్పుడు మా గది, వాళ్ల గది ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా నాన్నకంటే వయసులో పెద్దవాడు కాబట్టి నాకు పెద్దబాపు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నలభై ఏళ్లు బట్ట నేసిన మనిషి. ఆ రోజంతా ఏడ్చాను. మరునాటికి ఆ ఏడుపు కోపమైంది. ఈ నాలుగు మాటలూ ఆ కోపంలోనే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించాలి.

కోపానికి కారణం ఒక ఫ్లెక్సీ. బుధవారం మధ్యాహ్నానికల్లా మా తెలుగు సంఘం వాళ్లు గల్లీ మొగదల కట్టించారు. ఫొటో అడిగితే నేనే ఇచ్చాను. ఓల్పాడ్ రోడ్డు పక్కన నీరా బండి దగ్గర తీసిన ఫొటో అది. మెడకు మఫ్లర్ చుట్టుకుని, కుడిచేత్తో స్టీలు గ్లాసు పైకెత్తి పట్టుకుని నవ్వుతుంటాడు. ఫ్లెక్సీలో మఫ్లర్ ఉంది, నవ్వు ఉంది, చేయి కూడా ఉంది. గ్లాసు లేదు. కంప్యూటర్‌లో చెరిపేశారు. వేళ్లు మాత్రం గ్లాసు చుట్టూ వంగినట్టే వంగి ఉన్నాయి. దారిన పోయే ఒక గుజరాతీ ముసలావిడ ఆగి దండం పెట్టి, ఈ మహారాజ్ ఏ ఆశ్రమం వారని నన్ను అడిగింది.

కింద రాసిన మాటలు మరీ అన్యాయం. "పరాయి గడ్డపై బతుకుపోరు సాగించి, మగ్గమే లోకంగా జీవించిన నిరాడంబరుడు" అట. సూరత్‌ను పరాయి గడ్డ అన్నవాడితో ఆయన జన్మలో సరిగా మాట్లాడలేదు. ఇక మగ్గమే లోకమా? వారానికి ఆరు రోజులు మగ్గానికి ఇచ్చింది ఏడో రోజు కోసమే కదా.

నేరుగా సంఘం అధ్యక్షుడి దుకాణానికి వెళ్లాను. "అన్నా, పెద్దబాపు చేతిల గ్లాసేది?" అన్నాను.

"చెల్లె, ఇది గుజరాత్. గ్లాసు చూస్తె మంది ఏమనుకుంటరు? దారూ అనుకుంటరు. ఆయన ఇజ్జతే కాపాడినం."

"అది నీరా అన్నా. పర్మిట్ ఉన్న బండి."

"ఫొటోల నీరా అయినా కల్లయినా ఒక్కతీరే కనబడ్తది. గింతదానికి లొల్లెందుకు?"

తెలియనివాళ్ల కోసం చెబుతాను. తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో దించిన తీపి రసాన్ని పొద్దు పొడవకముందే తాగితే అది నీరా. ఎండ తగిలి పొంగితే కల్లు. మొదటిదానికి ఇక్కడ పర్మిట్ ఉంది, రెండోదానికి జైలు ఉంది. చలికాలం పొద్దున సూరత్ రోడ్ల పక్కన కార్లు ఆపుకుని పెద్ద పెద్ద సేఠ్‌లు నీరా తాగుతారు. వాళ్లు తాగితే ఆరోగ్యం కోసం. మా నవాగామ్ మనిషి అదే గ్లాసు పట్టుకుంటే ఇజ్జత్ పోతుందట.

పెద్దబాపు ఆదివారాలు ఎలా ఉండేవో ఈ సంఘానికి తెలియక కాదు. చలికాలం మొదలైతే చాలు, తెల్లవారేసరికి మా తలుపు మీద గ్లాసుతో టకటక కొట్టేవాడు. పెద్దమ్మ, నేను, గల్లీలో ఇంకో మూడు కుటుంబాలు, మొదటి బస్సు. ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. పెద్దబాపు తన గ్లాసును రెండుసార్లు నీళ్లతో కడిగి, మూడోసారి ఆ నీరాతోనే తొలిచి పారబోసేవాడు. తర్వాత పోయించుకుని, ఒక కన్ను మూసి, గుక్కెడు నాలుక మీద ఆపేవాడు. అప్పుడు ఎవరైనా మాట్లాడితే ఉరిమి చూసేవాడు. మింగాక చెప్పేవాడు, ఇది తాటిదా, ఈతదా, కలిపారా అని. బండివాడు ముందు నవ్వేవాడు, తర్వాత తర్వాత ఆయన వస్తుంటే బిందె మార్చేవాడు.

జేబులో ఒక చిన్న నోట్‌బుక్ ఉండేది. అందులో రుచులు రాసేవాడు. "ఓల్పాడ్ దిక్కుది: మొదలు తీపి, ఆఖరుకు సముద్రం. కామ్రేజ్ దిక్కుది: ఉత్త తీపి, ముచ్చట పెట్టదు." ఇట్లాంటివి పుస్తకం నిండా. నీరా అయ్యాక పోంక్, అంటే ఇక్కడ చలికాలంలో దొరికే లేత జొన్నగింజలు, నిమ్మకారం సేవ్‌తో కలిపి కాగితం పొట్లాల్లో తినేవాళ్లం. పెద్దబాపు జొన్నల రుచి కూడా రాసుకునేవాడు.

మొదట్లో గల్లీలో గుసగుసలు లేచాయి. ఆడపిల్లను కల్లుకు తోలుకపోతున్నాడని ఎవరో నాన్న చెవిలో వేశారు. నాన్న రెండు ఆదివారాలు నన్ను పంపలేదు. మూడో ఆదివారం పెద్దబాపు బస్సు దిగి, తడిగుడ్డ చుట్టిన క్యాన్‌తో నేరుగా మా గడపలోకి వచ్చాడు. "తాగి చూడు తమ్మీ. నిషా ఎక్కితే నీ బిడ్డను తోలకు" అన్నాడు. నాన్న రెండు గ్లాసులు తాగి షిఫ్టుకు పోయాడు. పన్నెండు గంటలు నిలబడి నేసి, ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "ఏం ఎక్కలే" అన్నాడు కొంచెం దిగులుగా. పై ఆదివారం నాన్న కూడా గ్లాసు పట్టుకుని బస్సెక్కాడు.

ఇక పుస్తకాలు. పెద్దబాపు మంచం కింద ఒక ఇనుప పెట్టె ఉండేది. దానికి ఒకటే షరతు. "సూరత్‌ల రాసిందన్న కావాలె, సూరత్ మీద రాసిందన్న కావాలె. లేకుంటె పెట్టెల జాగ లేదు" అనేవాడు. ఆదివారం బజారులో పాత పుస్తకాల కుప్పలు తిరగేసి పోగుచేశాడు. తాపీ నది వరద మీద గుజరాతీలో ఎవరో రాసుకున్న చిన్న పుస్తకం, పోంక్ వంటల పుస్తకం, సాంచాల మీద పనిచేసే ఒకాయన సొంతంగా అచ్చు వేయించుకున్న తెలుగు పాటలు. నూలు డబ్బాల మీద రాతలు, దుకాణాల బోర్డులు చదువుకుంటూ గుజరాతీ నేర్చుకున్నాడు. గుజరాతీ పుస్తకం కళ్ల ముందు పెట్టుకుని నోటితో తెలుగులో చెప్పుకుపోయేవాడు.

నేను హిందీ మీడియంలో చదివాను. ఇంట్లో మాట్లాడటమే తప్ప తెలుగు అక్షరం వచ్చేది కాదు. మా మధ్య గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి నేర్పింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ గోడ వల్లే. అక్షరాలు వచ్చాక నన్ను చదివేదానిగా పెట్టుకున్నాడు. ఏ పుస్తకం ఎక్కడిదో అక్కడే చదవాలని ఆయన పట్టుదల. వరద పుస్తకం వంతెన మీద నిలబడి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తూ చెప్పేవాడు. సాంచా పాటలు డ్యూమస్ సముద్రపు ఒడ్డున నల్ల ఇసుకలో కూర్చుని నాతో చదివించేవాడు. ఇది సాంచాల దగ్గర చదవాలి కదా అంటే, "సాంచ దగ్గర ఇనబడదు బిడ్డా. ఇంత దూరమొచ్చి చదువుకోవాలె" అన్నాడు.

ఒకసారి మా తెలుగువాళ్ల సభకు హజీరా కంపెనీలో మేనేజరుగా ఉన్న ఒక సారు వచ్చాడు, గుంటూరు వైపు మనిషి. నాసిక్ వెళ్లి ద్రాక్షతోటల్లో వైన్ రుచి చూసొచ్చామని, గ్లాసు ఎలా తిప్పాలో, వాసన ఎలా చూడాలో అందరికీ వివరించాడు. వెనక వరుసలోంచి పెద్దబాపు లేచి, "మేం గూడ వారం వారం గదే చేస్తం సార్. ఐతారం రాండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. సారు నిజంగానే కారేసుకుని వచ్చాడు. మూడు గ్లాసులు రుచి చూసి మూడూ ఒకటే అన్నాడు. పెద్దబాపు కోప్పడలేదు. "గుటుక్కున మింగితె అన్ని ఒక్కటే సార్. నాలిక మీద జరసేపు ఆపుండ్రి" అన్నాడు. మూడో ఆదివారానికి సారు కన్ను మూసి, "ఇది సముద్రం వైపుదండీ, అవునా?" అన్నాడు. పెద్దబాపు ఆ మాటను అక్కడికక్కడే నోట్‌బుక్‌లో ఎక్కించాడు. "గిప్పుడు మీరు గూడ సూరతోళ్లే. ఏడి రుచి తెలిస్తె ఆడి మనిషే" అన్నాడు.

ఐదో రోజు సాయంత్రం సంతాపసభ పెట్టారు. ఆ సారు కూడా వచ్చాడు. వేదిక మీద, అదే ఫొటో ముందు నిలబడి, "మగ్గం తప్ప మరో ధ్యాస లేని మనిషి" అని చదివి దిగిపోయాడు. ఎవరో రాసిచ్చిన కాగితమే, తెలుసు. కానీ ఆ కాగితం పక్కన పెట్టడానికి ఆయనకేం అడ్డం వచ్చింది? దిగాక నా వైపు చూడలేదు. అయినా ఆయన్ను అని లాభమేంటి, నేను మాత్రం ఏం చేశాను. మూడో వరుసలో నోరు మూసుకుని కూర్చున్నాను. ఫ్లెక్సీ ఫొటోనే ఫ్రేము కట్టించి పెద్దమ్మ చేతిలో పెడితే చప్పట్లు కూడా కొట్టాను. నా కోపంలో సగం నా మీదే.

పదకొండో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం మా ఆచారం. ఆ రోజు మొదటి బస్సుకే ఓల్పాడ్ రోడ్డుకు పోయాను. నన్ను ఒంటరిగా చూసి బండివాడికి అర్థమైంది. ముందున్న బిందె కాకుండా, వెనక దాచిన బిందె వంచి క్యాన్ నింపాడు. తడిగుడ్డ చుట్టుకుని ఏడున్నరకల్లా పెద్దమ్మ వాళ్ల మేడ మీదికి వచ్చేశాను. పెద్దమ్మ మటన్ కూర, జొన్నరొట్టె, పోంక్ వడలు వడ్డించి, వెనక ఆ ఫ్రేము ఆనించింది. పెద్దబాపు గ్లాసు తీసి నీరా పోసి విస్తరి పక్కన పెట్టాను. అధ్యక్షుడు అప్పుడే మెట్లెక్కి వచ్చాడు.

"చెల్లె, అది తియ్యి. నలుగురొచ్చే జాగ."

"మీ బాపుకు పెట్టిననాడు ఏం పెట్టిన్రు అన్నా? తువ్వాలల సుట్టుకొచ్చిన దారూ సీస మేమంత చూసినం కదా" అన్నాను. సభలో మింగిన మాటలన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. గ్లాసు చెరిపిన సంగతి, పరాయి గడ్డ సంగతి, అన్నీ అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. పెద్దలంతా చుట్టూ చేరారు. పర్మిట్ నీరా తాగడానికేనా, పిట్టకు పెట్టడానికి కూడా చెల్లుతుందా అని ఒకరు. రాగి చెంబులో పోసి మంచినీళ్లని చెబుదామని ఇంకొకరు. రంగు సోడా పెడితే సరిపోతుందని మరొకరు. ఒకాయన తెలిసిన వకీలుకు ఫోన్ కలిపాడు, వకీలు పూజలో ఉన్నాడు. అయ్యేదాకా ఆగుదామన్నారు. కింద నుంచి చాయ్ వచ్చింది. గ్లాసును పక్కన పెట్టండి, వద్దు అక్కడే ఉంచండి అని దానిమీద ఇంకో అరగంట. నేను గ్లాసు ముందు కూర్చుని కదల్లేదు. ఎండ ముందు పిట్టగోడ మీదికి, తర్వాత విస్తరి మీదికి, తర్వాత గ్లాసు మీదికి వచ్చింది.

పదిన్నర దాటాక పెద్దమ్మ లేచింది. "ఫొటోల నుంచి తీసిన్రు, నేనేమన్లే. ఇస్తారి కాడికెళ్లి తియ్యనియ్య. యాభై ఏండ్లు నేను కడిగిన గ్లాసది" అంది.

అధ్యక్షుడు ఇక లాభం లేదన్నట్టు ముందుకు వంగి, గ్లాసులోకి చూసి ఆగిపోయాడు. "ఇదేంది, పొంగుతున్నది?"

"పొద్దటి సంది మీరు ముచ్చట పెడ్తిరి కదా అన్నా. పొద్దున తెచ్చినప్పుడు నీరానే. మీ మాటలల్ల కల్లయింది" అన్నాను.

తీసేయమనడానికి ఆయన నోరు తెరిచాడు. పెద్దమ్మను చూసి మూసుకున్నాడు. ఒక్కొక్కరుగా నాలుగడుగులు వెనక్కి జరిగి, పిట్ట రావడానికి దారి ఇచ్చారు. నేను కూడా జరిగి నీళ్ల ట్యాంకు పక్కన కింద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే విస్తరి పక్కనున్న గ్లాసు సరిగ్గా వెనక ఫొటోలోని ఖాళీ చేతికి అడ్డం వచ్చింది, పెద్దబాపు వేళ్లు దాన్ని పట్టుకున్నట్టే ఉన్నాయి. నురుగు అంచు దాటి మెల్లగా కిందికి జారుతూ ఉంది.