ఆధార్ కార్డు చూసి భాష తేల్చిన రోజు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు మెడికల్ సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది కరోనా తగ్గిన రెండో ఏడాది వేసవిలో జరిగింది. అప్పటికి ఆ విభాగంలో నేనే సీనియర్‌ని. నా కింద ఇద్దరు అసిస్టెంట్లు, పైన మెడికల్ సూపరింటెండెంటు. ఉద్యోగం పేరు వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, డాక్టర్లు చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోయాక మిగిలే పనులన్నీ మా నెత్తిన పడేవి. అందులో చావు పనులు కూడా ఉండేవి.

కొండకు వచ్చేవాళ్లలో చాలామంది పరాయి ఊళ్లవాళ్లు. దర్శనానికని వచ్చి ఇక్కడే కన్నుమూసిన మనిషిని ఏం చేయాలో, ఎవరిని అడగాలో వాళ్లకు తోచదు. ముందు మేము చూసేది అది ఎం.ఎల్.సి. కేసా కాదా అని. అంటే పోలీసులకు తెలపాల్సిన చావా అని. ప్రమాదమైనా, దారిలోనే ప్రాణం పోయినా పోస్టుమార్టం తప్పదు. మా దగ్గర వైద్యం జరుగుతుండగా పోతే డాక్టరు మరణ కారణం రాసి ఇస్తాడు. ఆ కాగితం, చనిపోయినవారి ఆధార్, తీసుకెళ్లేవారి ఆధార్ ఉంటే శవాన్ని అప్పగించవచ్చు. మునిసిపాలిటీ దహనవాటికలోనూ అవే అడుగుతారు.

కాగితాల పని అయ్యాక అసలు పని మొదలవుతుంది. స్నానం చేయించేవాళ్లు, పాడె కట్టేవాళ్లు, కర్మ చేయించేవాళ్లు కావాలి. వాళ్లు ఆ ఇంటివాళ్ల భాష మాట్లాడేవాళ్లయి ఉండాలని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏడుపులో ఉన్న మనిషి చేత పరాయి భాషలో 'కుండ ఏ భుజాన పెట్టుకోవాలి' అని అడిగించడం నాకు నచ్చేది కాదు. నా డైరీ చివరి పేజీల్లో తమిళం, కన్నడం, తెలుగు, హిందీ అని విడివిడిగా ఫోన్ నంబర్లు రాసుకున్నాను. ఆ డైరీ అంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇంకో గర్వం నా తమిళం. మాది నగరి పక్కన పల్లె కాబట్టి అరవం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు.

ఆ వేసవిలో వెంకటసామి అనే పెద్దాయన అలిపిరి మెట్ల మీద ఆయాసంతో కూలబడితే మా ఆసుపత్రికి తెచ్చారు. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర పల్లెలో వ్యవసాయం. వెంట భార్య రామలక్ష్మి, కొడుకు రాజగోపాల్ ఉన్నారు. ఆధార్ కార్డు మీద ఇంగ్లీషు పోను మిగతాదంతా అరవమే. నేను కొడుకుతో తమిళంలో మాట్లాడాను, అతను తమిళంలోనే జవాబిచ్చాడు. తల్లి పక్కనే స్టూలు మీద కూర్చుని వినేది. మూడో రోజు పొద్దున పెద్దాయన పోయారు.

వైద్యం జరుగుతుండగా పోయారు కాబట్టి పోలీసుల పని లేదు. ఊరికి తీసుకెళ్లాలంటే ఎండల్లో పన్నెండు గంటల ప్రయాణం. నాయన కొండ కిందే పోవాలని రాసిపెట్టి ఉంది కాబట్టి ఇక్కడే కానిద్దామన్నాడు రాజగోపాల్. నేను డైరీ తీసి తమిళం పేజీలో మొదటి నంబరుకు ఫోన్ చేశాను. షణ్ముగం తిరుత్తణి మనిషి, తిరుపతిలో స్థిరపడి ఈ పని చేస్తున్నాడు. నెమ్మదస్తుడు, పనిలో వంక పెట్టడానికి ఉండదు. దహనవాటిక సూపర్‌వైజరు పదకొండు గంటలకు సమయం ఇచ్చాడు. అరగంటలో అన్నీ కుదిర్చానని నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

పది దాటాక మార్చురీ వెనక వరండా నుంచి నాకు కబురు వచ్చింది. వెళ్లి చూస్తే పాడె కట్టి ఉంది, వ్యాను తలుపులు తెరిచి ఉన్నాయి, రామలక్ష్మి మాత్రం పాడె వెదురు బొంగును రెండు చేతులా పట్టుకుని కింద కూర్చుని ఉంది. లాగితే వచ్చేలా లేదు.

షణ్ముగం నన్ను పక్కకు పిలిచాడు. "మా పక్కన ఆడోళ్లు వీధి మొన దాకానే మేడం. ఈడ వీధి యాడుండాది, గేటు కాడ నిలబడమన్నా. ఆ యమ్మ ఒప్పుకోలేదు. ఎట్ల పిలుచుకుపోయేది?"

నేను ఆమె దగ్గర కూర్చుని తమిళంలో నచ్చజెప్పబోయాను. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. ఈలోపు కొడుకు వంగి అన్నాడు: "విడుసమ్మా. వాండ్లకు టైమైపోతాందంట."

"పోనీ. నేను దింపుడు కళ్లం దాకా వస్తాను. ఆడ నేను పిలవల్ల. పిలవకుండా మీ నాయన్ను కాల్చేదానికి లేదు."

తల్లీకొడుకులు మాట్లాడుకున్నది అరవం కాదు. అది నా తెలుగు. నా తెలుగు కంటే, మా అవ్వ మాట్లాడిన తెలుగు.

రాజగోపాల్‌ను నిలదీశాను, కొంచెం కటువుగానే. తరతరాలుగా వాళ్లింట్లో తెలుగేనట. చదవడం, రాయడం మాత్రం రాదు. "గడప దాటితే మాకు అరవమే మేడం, అలవాటు. మీరు కార్డు చూసి అరవంలో మొదలుపెట్టినారు, నేనూ అట్లే మాట్లాడినాను. మమ్మల్ని మీరు అడగలా" అన్నాడు. నిజమే, నేను అడగలేదు. కార్డు చూశాను, చాలనుకున్నాను.

దింపుడు కళ్లం గురించి తెలియనివాళ్లకు ఒక మాట. శ్మశానానికి చేరేముందు పాడెను ఒకచోట కిందికి దించి, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉందేమోనని ఆఖరి ఆశ. కొన్నిచోట్ల కొడుకే పిలుస్తాడు. వీళ్లింట్లో భార్య కూడా అక్కడిదాకా నడిచి, తనే పిలిచి వెనక్కి వస్తుంది. షణ్ముగం మనుషులకు ఈ పద్ధతి తెలియదు. వాళ్ల వ్యాను ఇక్కడ ఎక్కిస్తే దహనవాటిక లోపలే దించుతుంది. ఒకసారి లోపలికి పోతే చేయగలిగింది ఏమీ ఉండదు. ఆమె పట్టుకున్నది బొంగు కాదు, ఆ పిలుపు.

పదకొండు గంటల సమయం వదులుకోవాల్సిందేనని అర్థమైంది. సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే చిరాకుపడ్డాడు. వరస తప్పితే సాయంత్రమే అన్నాడు. తప్పు కుటుంబానిది కాదు, నాదని చెప్పాను. ఆ మాట ఆసుపత్రివాళ్ల నోట వినడం ఆయనకు కొత్తేమో, మధ్యాహ్నం రెండింటికి సర్దుతానన్నాడు. తర్వాత తెలుగు పేజీలో ఉన్న మునెయ్యకు ఫోన్ చేశాను. చంద్రగిరి దగ్గర మనిషి, ఈ పనిలో ముదిరినవాడు. మోటార్‌సైకిల్ మీద గంటలో వచ్చాడు.

షణ్ముగం కోపం చేసుకుంటాడేమో అనుకున్నాను. "మోసేదానికి భుజాలు కావల్ల కదా, ఉంటాను మేడం" అని ఊరుకున్నాడు.

మునెయ్య ముందు పాడె దగ్గరికి పోలేదు. ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. "మీ ఇండ్లల్లో ఎట్లమ్మా? కొడుకు ముందు పిలుస్తాడా, నువ్వు ముందా?"

"కొడుకు ముందు. ఆనక నేను."

"యాడ దించల్ల?"

"యాడైనా సరే, కాటికి బయట. తల ఊరి పక్కకు ఉండల్ల."

"నువ్వు సెప్పినట్లే సేస్తాం. ఇంగ బొంగు ఇడుసు తల్లీ, కట్లు సదురుకోవల్ల."

ఆమె వెంటనే వదిలేసింది. నాకు అరగంటలో చేతకానిది ఆయన నాలుగు మాటల్లో చేశాడని కొంచెం ఉక్రోషం కూడా కలిగింది. అంతవరకు ఆ ఆచారం ఎట్లని ఆమెను అడిగినవాళ్లు లేరు.

దహనవాటిక ప్రహరీ బయట కాస్త నీడ ఉన్నచోట పాడె దించారు. పక్కన ఎవరో ఇల్లు కడుతున్నట్టున్నారు, ఇటుకల కుప్ప ఉంది. మునెయ్య చెప్పడం, షణ్ముగం మనుషులు చేయడం. తల ఊరివైపు తిప్పారు. కొడుకు వంగి "నాయనా" అని మూడుసార్లు పిలిచాడు. తర్వాత ఆమె మోకాళ్ల మీద కూర్చుని భర్త చెవి మీది గుడ్డ తొలగించింది.

"ఏమయ్యా" అంది. కాస్త ఆగి, ఇంకోసారి "ఏమయ్యా" అంది. మూడోసారి, "ఏమయ్యా, లెయ్యి, ఊరికి పోదాం" అంది. తన చెవిని ఆయన నోటి దగ్గర పెట్టి అలాగే ఉండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత తనే లేచి కొంగు సర్దుకుని, "సరే, ఎత్తండప్పా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఉద్యోగంలో ఉండగా అలా ఏడ్చింది చాలా తక్కువ.

మగవాళ్లు లోపలికి వెళ్లాక ఆమెను మా ఆసుపత్రి కారులో కూర్చోబెట్టి మజ్జిగ ప్యాకెట్టు ఇచ్చాను. క్షమించమన్నాను. ఇల్లు తెలుగని తెలియక పొద్దున అంత కష్టపెట్టానన్నాను.

"నీ అరవం బాగానే ఉండాదిలేమ్మా" అంది. ముఖంలో నవ్వులాంటిది కనిపించి పోయింది. "మా తెలుగు వింటే పట్నమోళ్లు నవ్వుతారు. కొడుకు మాట్లాడతాండాడు కదా అని నేను ఊరికుంటి."

మళ్లీ తనే అంది: "నిన్న సాయంత్రం మంచం కాడ నర్సుతో సెప్పితివే, ఈ పెద్దాయన రేపు దాటడు, కాగితాలు సిద్ధం సేసుకోండి, ఆ ముసలామెకు పాపం ఏమీ తెలీదు అని. నేను ఆడనే ఉంటి గదా. అప్పుడు తెలిసె నాకు. నా కొడుకు కూడా సెప్పలా."

నేను అన్నాను ఆ మాట. ఆమెకు మూరెడు దూరంలో నిలబడి, తెలుగులో, మామూలు గొంతుతో. అరవవాళ్లు కదా, ఏం తెలుస్తుందని.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "బాధపడొద్దు. నువ్వు సెప్పబట్టే ఆయన చెయ్యి ఇడవకుండా కూసుంటి. లేకుంటే స్టూలు మీద కునుకు తీసుందును" అంది ఆమె.

ఆ మాటతో నా తప్పు తేలికైందని నేను అనుకోలేదు. తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ కుటుంబాన్ని మొదట అడిగే ప్రశ్న మార్చాను. 'ఏ ఊరు' అని కాక, 'ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు' అని అడిగేదాన్ని. కాగితాలు పట్టుకున్న మనిషిని కాక, మంచం పక్కన కూర్చున్న మనిషిని అడిగేదాన్ని. అసిస్టెంట్లిద్దరికీ ఇంకో నియమం పెట్టాను. పక్కన కూర్చున్న మనిషి ముఖం చూసి చెప్పలేని మాటను రోగి మంచం దగ్గర ఏ భాషలోనూ అనకూడదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నారని వాళ్లు అడిగారు. అలా అన్నవాళ్లు ఒకరున్నారని, అది నేనేనని చెప్పాను.