దేవసహాయం గారి గదిలో కిరణాలు లేవు

నిన్న ఉదయం ఏడు గంటలకు ఫోను మోగింది.

"మాస్టారండీ, మా ఆయన లేవట్లేదండి" అన్నారు మరియమ్మ గారు.

లేపి చూడమన్నాను. ఆమె ఏడుపు వినిపించిన తరువాత కూడా, మరొకసారి లేపి చూడండి అనే అన్నాను.

కొత్తపేటలో ముప్పై ఏళ్ళు టీవీలు బాగుచేసిన నా మిత్రుడు దేవసహాయం గారు నిద్రలోనే వెళ్ళిపోయారు.

గుండెపోటు. రెండేళ్ళ క్రితం స్టెంట్ వేయించుకున్న గుండె అది.

దీనిని ఇంత స్పష్టంగా రాయవలసిన అవసరం ఉంది.

నేను వెళ్ళేసరికి జనమంతా గేటు బయటే నిలబడి ఉన్నారు. వరండాలో వేసిన కుర్చీలన్నీ ఖాళీ.

"ఎక్స్‌రే మిషను ఇంకా లోపలే ఉందంట కదండీ?" అని ఒకావిడ అడిగారు.

"ఆయ్, ఆ కిరణాలే తినేసినియ్యండి మనిషిని" అన్నారు పక్కనున్నాయన.

మిషను అనే మాటను దిద్దే ఓపిక కూడా నిన్న నాకు లేకపోయింది. ఇదంతా మీకు ఎవరు చెప్పారని మాత్రం అడిగాను.

"మీరే చెప్పేరు కదండీ మాస్టారూ! అప్పట్లో, కాఫీ హోటల్ దగ్గర."

నిజం. నేనే చెప్పాను.

పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబులో వోల్టేజి చాలా ఎక్కువగా ఉంటుందనీ, అందువలన కొద్దిగా ఎక్స్ కిరణాలు పుడతాయనీ దేవసహాయం గారు ఎక్కడో చదివారు. డబ్బా టీవీల కాలం పోయి చేతికి తీరిక చిక్కాక, "ముప్పై ఏళ్ళు దేని ముందు కూర్చున్నానో ఒక్కసారి కళ్ళతో చూడాలండి" అన్నారు.

పెరటి గదిలో ఆ కిరణాలను పుట్టించే ఒక పాత వాక్యూమ్ ట్యూబును అమర్చుకున్నారు. దాని చుట్టూ సీసపు రేకులు, వాటి వెనుక గోదావరి ఇసుక బస్తాలు. స్విచ్చి గది బయట.

స్విచ్చి వేసే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసేవారు. మరియమ్మ గారిని వీధి అరుగు మీదకు పంపేవారు. కిరణాలు తగిలితే టిక్కు టిక్కుమనే కౌంటర్ చేతిలో ఉండేది. దంతవైద్యులు వాడే చిన్న ఫిల్ములను తలుపుకూ, కిటికీకీ, తన చొక్కా జేబుకూ అంటించేవారు. ఒక్కొక్క ఫిల్ము మీద ఒక రూపాయి నాణెం. కిరణాలు అంతదూరం వస్తే, ఫిల్ము కడిగినప్పుడు నాణెం ఆకారం పడుతుందన్న మాట.

నా చెయ్యి పెట్టి ఎముకలు చూపించమని నేను ముచ్చటపడ్డాను.

"మనుషుల మీద వద్దండి. మీ పెన్నివ్వండి."

మూత పెట్టిన నా పెన్ను లోపలి పాళీ నీడను ఫిల్ము మీద చూసిన రోజున, ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ఫిల్మునే నా పదవీ విరమణకు కానుకగా ఇచ్చారు.

ఆ తరువాత ఒకనాడు నాతో పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని వెళ్ళాను. ప్రయోగం ముగిసింది. ఆయన స్విచ్చి కట్టేశారు. నేను గదిలోకి నడిచి, ఇది చూడండి అంటూ ట్యూబుకు కరెంటు వెళ్ళే తీగ వైపు చెయ్యి చాపాను.

చేతి మీద ఫెడీమని ఒక దెబ్బ పడింది.

నన్ను ఏనాడూ 'అండీ' లేకుండా పలకరించని మనిషి, "ముట్టుకోకు!" అని అరిచారు. వెంటనే పొడవాటి కర్రకు కట్టిన ఎర్తు తీగను తెచ్చి ఆనించారు. నిప్పురవ్వ టపాకాయలా పేలింది.

"కరెంటు తీసేసినా తీగలో ఉంటుందండి. కిరణాలు మాత్రం స్విచ్చితోనే పోతాయండి" అన్నారు.

ప్రాణం దక్కినందుకు సంతోషించడం మాని, ఇద్దరి ఎదుట దెబ్బ తిన్నందుకు చిన్నబుచ్చుకున్నాను. ఆ మరునాడు కాఫీ హోటల్ దగ్గర అనేశాను: "ఆ గదిలోకి వెళ్ళకండి. గోడలు కూడా ఆ కిరణాలను పీల్చుకుని ఉంటాయి."

అది అబద్ధం. అబద్ధమని తెలిసే అన్నాను.

వారం తిరక్కుండానే ఆ మాట ఆయన చెవిన పడింది. దెబ్బలాటకు రాలేదు. ఇంకో పది రోజులకు ఒక ఫిల్మును పట్టుకొని మా ఇంటికి వచ్చారు. స్విచ్చి కట్టేశాక, నాణెం పెట్టి వారం రోజులు అదే గదిలో ఉంచిన ఫిల్ము అది. దాని మీద ఏ గుర్తూ లేదు.

"మీరు చెబితే ఊరు నమ్ముద్దండి. వీలున్నప్పుడు ఒక మాట చెప్పండి" అన్నారు.

ఆయ్, అలాగేనండి అన్నాను.

చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని వందల కాఫీలు తాగానో అక్కడ. చెప్పలేదు.

ఆయన మరి అడగలేదు.

నిన్న మరియమ్మ గారు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన చొక్కా జేబు ఫిల్ములు, తేదీల వారీగా. ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకు పట్టి చూశాను. ఒక్కదాని మీద కూడా నాణెం ఆకారం లేదు.

ఇక ఈరోజు సంగతి.

భౌతికకాయాన్ని ఇంట్లో ఉంచవద్దనీ, రోడ్డు మీద షామియానా వేసి ప్రార్థన అక్కడే జరిపిద్దామనీ కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. మరియమ్మ గారు ఒప్పుకోలేదు.

"ఆయన కట్టుకున్న ఇల్లండి. రోడ్డు మీంచి పంపేయమంటారా?"

ఈ సాయంత్రం నాలుగు గంటలకు ప్రార్థన వారి హాల్లోనే జరుగుతుంది. నేను మూడింటికే వెళ్ళి ఆ పెరటి గదిలో కూర్చుంటాను. సందేహమున్నవారు వచ్చి నన్ను చూడండి. మా హైస్కూలులో చదువుకున్నవారందరికీ, ఏనాడూ మిమ్మల్ని ఏమీ కోరని మీ మాస్టారి విన్నపం ఇది: గేటు దగ్గర ఆగకండి. లోపలికి రండి. శవపేటికను ఇంట్లోంచి మోయడానికి ఆరుగురు కావాలి. నేను ఒక్కడినే ఉన్నాను.

దేవసహాయం గారూ, మీరు చెప్పమన్న మాట చెప్పాను. వినడానికి మీరు లేరు.

మీ దేవుడి దగ్గర నిశ్చింతగా ఉండండి. సెలవండి.